కఱ్ఱసాము, బడిగంట

ఈ యేటి సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని పాఠశాలవారు నన్ను కోరినప్పుడు, వాడుక ప్రకారము చేవ్రాతను గూర్చియో మితవ్యయమును గూర్చియో వ్రాయుదమని కూర్చుంటిని. కాని గడచిన జనవరిలో ఒక సాయంకాలము మా యింటికి వచ్చిన యొక తండ్రి మాట నా మనస్సును విడువలేదు. కావున దానినే వ్రాయుచున్నాను.

ఆయన కుమారుడు పదవ తరగతి విద్యార్థి. కఱ్ఱసాములో మంచి ప్రవేశము గలవాడు. తండ్రి అరుగుమీద కూర్చుండి, తలగుడ్డ తీసి ఒడిలో పెట్టుకొని, "సార్, వీడు తెల్లారినప్పటి నుంచి కట్టె తిప్పుకుంటానే ఉండాడు. పరీక్షలు మార్చిలోనే గదా. మీరు చెప్తే ఇంటాడు. ఆ కట్టె ఇడిపించండి" అనెను. పిల్లవాడు గోడకు ఆనుకొని తలవంచి నిలిచియుండెను. ఇట్టి ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయుని నాలుకపైననే యుండునని లోకము తలచును. నాకు వెంటనే మాట రాలేదు. ఏలయన ఆ కఱ్ఱవలన మేలును కీడును రెండును పొందినవాడను నేను.

1992లో నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా, కర్నూలు పాతబస్తీలో మా వీధి చివర ఒక తాలీముఖానా యుండెను. నాపరాళ్ల గోడలు, పైన రేకులు, నడుమ ఎఱ్ఱమట్టి గోదా. అచ్చటి ఉస్తాదుగారు పగలు కుట్టుమిషను త్రొక్కి జీవించువారు. హిందువుల పిల్లలు, ముసల్మానుల పిల్లలు, క్రైస్తవుల పిల్లలము అందరమును అచ్చట చేరుచుంటిమి. గోదాలో కాలు పెట్టుటకు ముందు వంగి మట్టిని తాకవలెనను నియమము అందరికిని ఒకటే. మట్టికి మ్రొక్కుచున్నావా యని మా సంఘపు పెద్ద యొకరు నన్ను నిలదీసిరి. ఇంటిలోనికి వచ్చునప్పుడు చెప్పులు విడుచుట వంటిదే యంటిని. ఆయన తృప్తిపడలేదు గాని మరల అడుగలేదు.

మొదటి మూడు నెలలు నా చేతికి కఱ్ఱ రాలేదు. దండీలు, బస్కీలు, పిదప అడుగులు. కఱ్ఱసాములో చేతిపనికంటె కాలిపని యెక్కువ. అడుగు కదపక త్రిప్పువాడు తన మోకాలినే కొట్టుకొనును. తుదకు నా నొసటి యెత్తుగల గట్టి వెదురుకఱ్ఱ నొకదానిని ఏఱి, నూనె పట్టించి నాకిచ్చిరి. ఆనాటి సంతోషము నాకు ఏ పరీక్షా ఫలితమువలనను కలుగలేదని చెప్పుటకు సిగ్గుపడను.

తూర్పు కిటికీనుండి వచ్చు ఎండ రెండవ స్తంభమును తాకగానే ఉస్తాదుగారు చప్పట్లు కొట్టెడివారు. ఎవడు ఏ వరుస నడుమ నున్నను అచ్చటనే ఆపవలెను. "చాలు బేటా, బడికి పో" అనెడివారు. ఇంకొక్క వరుస యని బ్రతిమాలినవానికి మఱునాడు ప్రవేశము లేదు. ఆయన దుకాణము తెఱచు వేళయు అదే. వ్రేళ్లకు దెబ్బ తగులునట్లు ఎవ్వరిని ఆడనిచ్చెడివారు కారు. "నా వేలు వాస్తే గుండీ కుట్టేదెవరు?" అనెడివారు. మేము నవ్వెడివారము.

మా అమ్మకు మాత్రము మొదటినుండి భయమే. ఆమె ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేయుచుండెను. పల్లెలనుండి రాత్రివేళ తలలు పగిలి, చేతులు విఱిగి వచ్చినవారి రక్తము తుడిచిన చేతులవి. "కట్టె పట్టినోనికి ఈడ పని ఇచ్చేటోళ్లు శానామంది ఉంటారు నాయనా" అనెను. ఈ సీమవారికి ఆ మాట వివరింప నక్కఱలేదు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసినప్పుడు, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రను అణచవలసి వచ్చెను. పాళెములు పోయెను గాని, కఱ్ఱపట్టిన యువకుని తమ వాకిట నిలుపుకొను పెద్దల వాడుక చాలకాలము పోలేదు. హొళగుంద మండలములోని దేవరగట్టున దసరా రాత్రి జరుగు బన్ని యుత్సవములోను కఱ్ఱలు లేచును, గాయములగును. అచ్చటివారి భక్తిని నేను తప్పుపట్టను. కాని ఆ చీకటిలో, ఆ గుంపులో, చాలునని చప్పట్లు కొట్టగలవాడెవడు?

ఇక నా తప్పును చెప్పవలెను. 2001లో ఉపాధ్యాయ శిక్షణకై కడపకు పోయితిని. అచ్చట ఉస్తాదుగారు లేరు. నా చేతిలో కఱ్ఱ కలదు. కొందఱు స్నేహితులము కలిసి ఉదయము గంట, సాయంకాలము రెండు గంటలు సాధన చేయుచుంటిమి. సెలవుదినములలో లెక్కయే లేదు. పాఠ ప్రణాళికలు రాత్రి ఆవులించుచు వ్రాసెడివాడను. బోధనాభ్యాస పరీక్షకు మూడు దినములు ముందు, ఒక ప్రదర్శనకై ఆడుచుండగా నా కుడి బొటనవ్రేలి యెముక విఱిగెను. ఆఱవ తరగతికి భిన్నముల కూడిక పాఠము. ఎడమచేతితో నల్లబల్లపై మూడింట రెండు వ్రాయబోగా సుద్దముక్క జాఱి పడెను. రెండవసారియు పడెను. పిల్లలు నవ్విరి. పరీక్షకులు నవ్వలేదు; అది యింకను కష్టముగా నుండెను.

తప్పితిని. ఒక సంవత్సరము పోయెను. ఆ సంవత్సరమంతయు మా అమ్మ రాత్రి డ్యూటీలు అడిగి చేసి నా రుసుము కట్టెను. పగటివేళ చాపపై ఆమె నిద్రించుచుండగా, వాచిన ఆమె పాదములను చూచితిని. ఆ వాపు నా కఱ్ఱ కొట్టినదే.

కఱ్ఱను అటకమీద పడవేసితిని. తాలీముఖానా యున్న వైపు నడచుటయే మానితిని. ఉద్యోగము దొరకెను. కఱ్ఱను మానుటవలన మంచి ఉపాధ్యాయుడ నైతినా యన్న, కాలేదు. దేహము బరువెక్కెను. మధ్యాహ్నపు తరగతులలో విసుగు కలిగెడిది. పిల్లలపై కేకలు వేయుట యెక్కువాయెను. అప్పటి నా విద్యార్థులలో ఎవరైన ఇది చదివినచో నన్ను క్షమింపవలెను.

2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచినవి. నీరు తీసిన పిదప నేను ఉస్తాదుగారిని వెదకుచు పోతిని. గోదాలో నడుములోతు బురద నిండియుండెను. ఆయన దానివంక చూడక, వాకిట కూర్చుండి కుట్టుమిషనును విప్పి, ముక్కముక్కను కిరసనాయిలుతో కడుగుచుండిరి. గోదా సంగతి యేమని యడిగితిని. "ముందు అన్నం పెట్టేది ఇది. మధ్యాహ్నం మట్టి ఎత్తుదాం. ఉంటావా?" అనిరి. నా బొటనవ్రేలు చూపి, ఎనిమిదేండ్ల కథ యంతయు చెప్పితిని. ఆయన తల యెత్తకయే, "ఎత్తేది నేర్చుకుంటివి. దించేది నేర్చుకోకముందే పోతివి" అని, మూలనున్న పార చూపిరి.

అటుతరువాత ఉదయము ముప్పావుగంట మాత్రము సాధన చేయుచున్నాను. ఉస్తాదుగారి చప్పట్లకు బదులు నాకు సెల్‌ఫోనులోని గంట. ఒక్కొక్కనాడు అది మ్రోగినప్పుడు కోపమే వచ్చునని ఒప్పుకొందును.

వ్యాయామమును చదువునకు శత్రువుగా చూచు తలిదండ్రులకు ఒక సంగతి మనవి. వీరఘట్టమున 1882లో పుట్టి, ఱొమ్మున కట్టిన గొలుసులను త్రెంచినవాడని ప్రసిద్ధికెక్కిన కోడి రామమూర్తినాయుడుగారు, సర్కసు పెట్టుటకు ముందు మద్రాసులో శిక్షణ పొంది, విజయనగరమున ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా నుండిరి. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షణ సంస్థను స్థాపించెను. ఆ సంఘపు ముక్కోణపు గుర్తులో ఆత్మ, మనస్సు, శరీరము మూడు భుజములు. అట్టి శిక్షణ పొందినవారు మన బడులకు వచ్చినప్పుడు వ్యాయామమునకును ఒక పీరియడు ఏర్పడెను. మొదట నొక గంట, తుద నొక గంట. నాకు ఆ తుది గంటయే ముఖ్యముగా తోచుచున్నది.

అరుగుమీది తండ్రికి నేను చెప్పినది ఇంతే: కఱ్ఱ విడిపింపను. పరీక్షలు ముగియువఱకు పిల్లవాడు ఉదయము 5:30కు మా పెరటికి రావలెను, 6:15కు ఆపవలెను. ఆపుమని చెప్పవలసినవాడను నేను కాను, తండ్రియే. ఆయన ఒప్పుకొనెను గాని నమ్మకముతో కాదు. పిల్లవాడు మాత్రము తల యెత్తి నావంక చూచెను.

ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి ఫలితములు రాలేదు. మొదటి వారములోని యొక యుదయము మాత్రము నాకు గుర్తున్నది. చలిగాలి. తండ్రి దుప్పటి కప్పుకొని బావి గట్టున కూర్చుండి, గడియారమును మఱచి, కొడుకు అడుగులనే చూచుచుండెను. అంతకుముందు ఆయన వాని సాము ఎన్నడును చూడలేదట. 6:15 దాటెను. నేను నోరు విప్పబోవునంతలో పిల్లవాడే వరుస నడుమ ఆగి, కఱ్ఱను గోడకు చేర్చి, "నాయనా, టైమాయె. బడికి పోవాల" అని పుస్తకముల సంచి భుజమున వేసికొనెను.