ముఖం మీది మచ్చలు

మొటిమలు మిగిల్చిన మచ్చ అయినా, మంగు అయినా, ఆడపిల్లకు అది పెళ్లిచూపుల నాటి బెంగ. పసుపు, శనగపిండి కలిపి మన ఇళ్లలో వధువుకు పూసే ఉబటన్ ముఖానికి నిగ్గు తెచ్చునే గాని మచ్చలను మాపదు. భయమల్లా అంగడి క్రీములతోనే. నా విద్యార్థిని ఒకామె దుకాణదారు మాట నమ్మి ఒక ట్యూబు తెచ్చుకొన్నది. మూడు వారాలు ముఖం తెల్లగా మెరిసింది. నెలలు గడిచేసరికి ఎండలో నిలువలేనంత మంట, ఎర్రని పొక్కులు, చెంపలపై నూగు వెంట్రుకలు! అందులో ఉన్నది స్టీరాయిడని చర్మవైద్యురాలు తేల్చింది. అట్టి క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ప్రభుత్వం 2018లో కట్టడి చేసినది. అమ్మకం మాత్రం ఆగలేదు. ఇంకొన్నింటిలో పాదరసం ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను అది అణచివేయగలదు, నిజమే. ఆ పాదరసమే రక్తంలో కలిసి మూత్రపిండాలను చెరుపుతుంది.

మచ్చను ముదిరించేది ముఖ్యంగా ఎండ. బయటికి వెళ్లునపుడు గొడుగు పట్టుకొని, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకొకసారి పూసుకోవలెను. మొటిమను గిల్లరాదు. అజెలాయిక్ ఆమ్లం వంటి మందులు వైద్యుని సలహాపై వాడదగినవి. వాటి ఫలితానికి నెలలు పడుతుంది. మచ్చ ఉన్నట్లుండి పెరిగినా, ఆకారం మారినా, నెత్తురు కారినా, పూతలన్నీ మాని వెంటనే వైద్యునికి చూపవలెను.