కలము

“కలము” అను మాట తెలుగు కాదనియు, ఆ చోట గంటమనియో లేఖిని యనియో వ్రాయుట మేలనియు గుడివాడలో జరిగిన యొక సాహిత్యగోష్ఠిలో ఒక పెద్ద నాతో వాదించిరి. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. మన పూర్వులు తాటియాకుపై ఇనుపగంటముతో గీచిరి. కాగితమును సిరాయును వచ్చిన పిమ్మట గదా కలమునకు పని కలిగినది. అయినను పరదేశపు మాట యని దానిని వెళ్లగొట్టుటకు ముందు, అది యే దేశపుదో తేల్చుకొనవలదా?

గ్రీకు భాషలో “కలమొస్” అనగా రెల్లు. రెల్లుపుల్లను చెక్కి సిరాలో ముంచి వ్రాయుటచేత ఆ పుల్ల పేరే లేఖిని పేరైనది. లాటినువారు “కలముస్” అనిరి. అరబ్బులు గ్రీకులనుండి గైకొని “ఖలమ్” అనిరి. ఖురానులో 68వ అధ్యాయమునకు అదియే పేరు. అటుపై పారసీకము, హిందూస్తానీ, తెలుగు. ఆఫ్రికా తూర్పుతీరమున స్వాహిలీ మాటలాడువారును వ్రాయుపుల్లను “కలము” అనియే యందురు. చివరి ఉకారముతో సహా మన మాటయే! జర్మనులు పైరుకాడను “హాల్మ్” అనుటయు, రష్యనులు ఎండుగడ్డిని “సొలోమ” అనుటయు ఆ గ్రీకు మాట చుట్టరికమే. ఉత్తరాదివారికి అంటుకొమ్మయు కలమే. ఇటలీవారు కలముల పెట్టె పేరును సిరా చిమ్ము సముద్రజీవికి పెట్టిరి. పెద్ద హోటళ్లలో “కలమారి” అని వడ్డించునది అదియే.

ఇంతవరకు ఆ పెద్దదే పైచేయి. కాని తెలుగు నిఘంటువు తెరచినచో కలమునకు ఓడ యను అర్థము కూడ కనబడును. ఇది అరబ్బులు తెచ్చినది కాదు. తమిళమున “కలమ్” అనగా పాత్ర, ఓడ, ధాన్యపుకొలత. “మరక్కలమ్” అనగా కొయ్య ఓడ. మలయాళమున అది కుండ. నీటిని లోన నిలుపునది కుండ, వెలుపల నిలుపునది ఓడ; రెంటికిని ఒకే పేరు పెట్టిన మన దక్షిణదేశపు పాతవారి బుద్ధి నాకు ముచ్చట గొల్పును.

బందరు రేవున ఈ రెండు కలములును కలిసినవి. “బందర్” అనుటయే పారసీకమున రేవు. గోలకొండ సుల్తానుల కాలమున, 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇచ్చటికి వచ్చిరి. వారిని రప్పించిన సరకులలో బట్టలు ముఖ్యమైనవి. కలముతో వ్రాసిన బట్ట కలము నెక్కి పారసీకదేశమునకు పోయెడిది.

కలంకారీ అనగా కలపుపని. ఆ పేరు నేడు బందరునకు చేరువనున్న పెడనలో నిలిచియున్నది గాని అక్కడి పని కలముతో నడచుట లేదు. టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దెదరు. పుల్ల కొసకు గుడ్డ చుట్టి, దారముతో బిగించి, అది పీల్చిన రంగును వ్రేళ్లతో నొక్కుచు గీతలు తీయువారు శ్రీకాళహస్తిలో నున్నారు. పెడనలో నేను చూచిన పనివారు, కరక్కాయయు పాలును పట్టించిన బట్టపై, తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో ఊరవేయగా వచ్చిన ద్రావకముతో నలుపు నద్దుచుండిరి. అచ్చు మోపి పిడికిలితో ఒక్క పోటు; మరల అచ్చు, మరల పోటు. సాయంకాలము వరకు అదియే చప్పుడు. “చేత కలము లేదే, ఇది కలంకారీ యెట్లయినది?” అని యొకని నడిగితిని. “పేరు పెద్దోళ్లు పెట్టారండి, పని మాది” అని నవ్వి మరల అచ్చు మోపెను.

ఇక మూడవ కలము. సంస్కృతమున కలమ మనగా ఒక వరి. అమరకోశమున శాలిధాన్యములలో మొదట వినబడు పేరు అది. రఘువంశము నాల్గవ సర్గమున కాళిదాసు, రఘువు పెకలించి మరల నిలిపిన వంగరాజులను పెరికి నాటిన కలమపుపైరుతో పోల్చెను. ఊడ్పులు కన్నులార చూచినవాడే యీ పోలిక చెప్పగలడని నా నమ్మకము. కలమమునకు లేఖిని యను అర్థమును సంస్కృతకోశములలో గలదు. అది మాత్రము గ్రీకుల సొమ్మని తలచువారు గలరు. ఏమైనను ఆ పెద్ద కోరినట్లు కలమును పొలిమేర దాటించినచో ఓడయు వరియు కూడ దాని వెంట నడచును.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. ఆకుమడిలో ఆకు తీసి, కట్టలు కట్టి, మోకాటిలోతు బురదలో వంగి యూడ్చు స్త్రీలను చిన్ననాటినుండి ఎఱుగుదును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన పదివేలకు పైగా జనులను పొట్టనబెట్టుకొన్న నేల యది. ఉప్పుదిగిన ఆ చేలలోనే మరల ఊడ్చిరి. వారిలో నాకు పిన్ని వరుసయైన యొకామె గలదు. ఆమె చేయునది కౌలుచేను.

ఒకప్పుడు కరణముగారి కలము కదలినచో గట్టు కదలునని రైతులు భయపడెడివారు. గుడివాడ చేరువనున్న నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా నుండగా 1984లో ఆ పదవులు రద్దయినవి. కలము చేతులు మారినదే గాని దాని బలము తగ్గలేదు. కౌలుదారులకై 2011లోను, మరల 2019లోను చట్టములు వచ్చినవి. రెండవ చట్టము చొప్పున హక్కుపత్రము పొందుటకు పదునొకండు మాసముల ఒప్పందముపై భూమి గలవాని వ్రాలు కావలసియుండెను. వ్రాలు చేసినచో భూమి చేజారునని వారి భయము. పైరు ఊడ్చునది మా పిన్ని యని ఊరంతయు నెఱుగును, కాగితమెఱుగదు. పంట నీట మునిగిన యేట పరిహారము పట్టణమున నున్న భూస్వామి పేర జమయైనది.

ఆమె వేలిముద్ర వేయనని పట్టుబట్టి, మనుమరాలి పలకపై నెలనాళ్లు తన పేరు దిద్దినది. ఒప్పందపు కాగితమున కౌలుదారు గడిలో ఆమె వ్రాసిన మూడక్షరములు కొంచెము వంకరగా, చాల స్పష్టముగా నున్నవి. పై గడి ఖాళీగా నున్నది.