సైటేషన్ల లెక్క, పసివాళ్ల పాదాలు

"ఈ ఎముకల డాక్టరుగారికి సైటేషన్లు చాలా ఉన్నాయట సార్, మా వాణ్ణి ఆయనకే చూపించమంటారా?" అని మా ఊరి యువకుడొకడు ఈ మధ్య ఫోనులోని అంకెలు చూపించి అడిగాడు. అతని కుమారుడికి ఐదేళ్లు. పాదాలు చదునుగా ఉన్నాయని, ఖరీదైన ప్రత్యేక బూట్లు తొడిగించాలని ఎవరో చెప్పారట. ఆ అంకెల అర్థమేమిటో పాఠకులందరూ తెలుసుకోవడం మంచిది.

ఒక పరిశోధన వ్యాసాన్ని తరువాతివారు తమ వ్యాసంలో ఆధారంగా పేర్కొంటే దానిని సైటేషన్ అంటారు. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో ఈ లెక్కకు ఒక పద్ధతి ఏర్పడింది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. ఒక వైద్యుని హెచ్-ఇండెక్స్ 10 అంటే, ఆయన వ్యాసాలలో పదింటిని ఒక్కొక్కదానిని కనీసం పదిసార్లు ఇతరులు పేర్కొన్నారని భావం.

మా కాణిపాకం ప్రమాణాలకు పేరుపడిన క్షేత్రం. వరసిద్ధి వినాయకుని ఎదుట నిలిచినవానిని సాక్షులెందరని ఎవరూ అడగరు. చెప్పినది నిజమా అన్నదే ప్రశ్న. సైటేషన్ కూడా ఒక విధమైన సాక్ష్యమే. అయితే మెచ్చి పేర్కొన్నా, ఖండించడానికి పేర్కొన్నా లెక్కలో అది ఒకటే. టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో వేక్‌ఫీల్డ్ ప్రచురించిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకొంది. దానిని పేర్కొన్నవారికి మాత్రం కొదవలేదు.

ఇక ఆ బాలుని సమస్యకు వద్దాం. దీనికి సంబంధించిన ప్రసిద్ధ పరిశోధన మన దేశంలోనే జరిగింది. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే శస్త్రవైద్యులు 4 నుండి 13 ఏళ్ల లోపు పిల్లలు 2300 మంది పాదముద్రలను సేకరించి పరిశీలించారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లలలో చదునుపాదం 8.6 శాతం, వాడనివారిలో 2.8 శాతం కనిపించింది. ముందుభాగం మూసి ఉండే బూట్లు వేసేవారిలో ఎక్కువ, చెప్పులు వేసేవారిలో తక్కువ, ఉత్తకాళ్లతో తిరిగేవారిలో అతి తక్కువ. 1992లో బ్రిటిష్ ఎముకల వైద్య పత్రికలో ఇది మూడే పుటలలో వెలువడింది. పెద్ద యంత్రాలేవీ అక్కరలేని ఈ పరిశీలనను ప్రపంచమంతటా పరిశోధకులు నేటికీ పేర్కొంటున్నారు. సైటేషన్‌కు సార్థకత అంటే ఇదే.

అంకెలు ఆలస్యంగా మేల్కొనడమూ ఉంది. వంకర పాదాలతో పుట్టిన శిశువులకు వారం వారం పిండికట్లు మారుస్తూ పెద్ద శస్త్రచికిత్స లేకుండా సరిచేసే విధానాన్ని ఇగ్నాసియో పొన్సెటీ 1963లోనే ప్రచురించాడు. దశాబ్దాలపాటు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1996లో ఆయన పుస్తకం వెలువడిన తరువాతనే అది లోకమంతటా వ్యాపించింది. ఆ మధ్యకాలంలో చికిత్స మారలేదు, సాక్షులు రాలేదంతే.

చేతి నైపుణ్యం ఈ లెక్కలోకి అసలే రాదు. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు పోలియో బాధితులకు ఏళ్ల తరబడి శస్త్రచికిత్సలు చేశారు. 2022లో పద్మశ్రీ లభించింది. నిలబడి నడిచిన కాళ్లను ఏ సూచికా లెక్కించదు.

కనుక శస్త్రవైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఇవి అడగండి: ఈ చికిత్స మీరు ఎందరికి చేశారు? ఫలితాలెలా ఉన్నాయి? చేయకపోతే ఏమవుతుంది? శస్త్రచికిత్స లేని మార్గముందా? విసుగుపడకుండా బదులిచ్చే వైద్యుడు మీకు తగినవాడు.

చిన్నపిల్లలలో చదునుపాదం సాధారణం. మునివేళ్లపై నిలబడినప్పుడు పాదం కింద వంపు కనిపిస్తూ, నొప్పి లేకుంటే బూట్లూ వద్దు, బెంగా వద్దు; ఆ యువకునికీ ఇదే చెప్పాను. శుభ్రమైన నేలపై ఉత్తకాళ్లతో ఆడుకోనివ్వండి. నొప్పి ఉన్నా, పాదం బిగిసి ఉన్నా, ఒక్క పాదమే చదునుగా ఉన్నా వైద్యునికి చూపించండి.

ఈ ఉత్తకాళ్ల సలహా పసివారికే. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఎండకు కాగిన రాతిబండలపై నడిస్తే కాలిన సంగతి కూడా తెలియదు. అటువంటివారు దర్శనానికి ఉదయపు చల్లని వేళలోనే రండి. ఇల్లు చేరగానే అరికాళ్లు పరీక్షించుకోండి.