పాకం ముదిరిన వాక్యాలు

తెలుగులో గొప్పలు చెప్పాలంటే కాస్త ధైర్యం కావాలి. ఇంగ్లీషులో ఆ శ్రమ లేదు. ‘రీసెర్చ్ ప్రూవ్స్’ అంటే చాలు, ఎదుటివాళ్ళు నోరు మూసుకుంటారు. ఈమధ్య పేరంటాల్లో కూడా ఈ మాట వినిపిస్తోంది. పసుపు గురించీ, పెరుగు గురించీ, చివరికి నేలమీద కూర్చుని భోంచేయడం గురించీ ఎవరో ఎక్కడో ప్రూవ్ చేసేశారు! ఎవరమ్మా అని అడిగితే మాత్రం తాంబూలం అందుకుని లేచిపోతారు.

మా అన్నయ్య కూతురు పోషకాహారంలో ఎమ్మెస్సీ చేస్తోంది. ‘‘అత్తా, నువ్వు బి.ఏ.లో ఇంగ్లీషు లిటరేచర్ చదివావుగా, ఒక్కసారి చూడవూ?’’ అంటూ థీసిస్ కాగితాలు నా ఒళ్ళో పడేసింది. నాకొచ్చింది షేక్‌స్పియరే గాని సైన్సు కాదు తల్లీ అన్నా వినలేదు. మొదటి పేజీలోనే ‘దీజ్ ఎవిడెన్సెస్ ప్రూవ్ దట్...’ అని ఉంది. ఒక్క హాస్టల్లో అమ్మాయిలను పొద్దున టిఫిను తింటున్నారా అని అడిగి రాసుకొచ్చిన పిల్ల, ప్రపంచంలోని ఆడపిల్లలందరి సంగతీ తేల్చేసింది.

ముందు ‘ఎవిడెన్సెస్’ పని పట్టాం. ఉప్పు శేరున్నా ఉప్పే, చిటికెడున్నా ఉప్పే, ఉప్పులు అనం. ఇంగ్లీషులో ఎవిడెన్సూ అంతే. ఒక్కటే ఉందని చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్స్’ అనాలి, చిటికెడు ఉప్పు అన్నట్టు. అందుకే ‘ది ఎవిడెన్స్ సజెస్ట్స్’. ‘ఫైండింగ్స్’ బహువచనం గనక ‘ది ఫైండింగ్స్ సజెస్ట్’. ఇంకోచోట ‘ఎవిడెన్స్ బేస్డ్ ఫైండింగ్స్’ అని రాసింది. ఫైండింగ్ అంటేనే పరిశోధనలో తేలిన సంగతి కదా, మళ్ళీ ఆ తోకెందుకు? పాలతో చేసిన పాలు అన్నట్టుంది. ఆ విశేషణం చికిత్సకో, పద్ధతికో తగిలిస్తే అందం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గయాట్ అధ్యక్షతన ఒక వైద్యబృందం 1992లో ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ గురించి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశాక ఆ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పెద్ద డాక్టరుగారు అన్నారని గాక, పరీక్షించి చూసిన ఆధారాలను బట్టి వైద్యం చేయాలని వాళ్ళ వాదం.

అసలు చిక్కు క్రియాపదంతోనే. అరిసెలు వండేవాళ్ళకు నేను చెప్పేదేముంది! ‘సజెస్ట్స్’ లేతపాకం. ‘ఇండికేట్స్’ తీగపాకం. ‘షోస్’ ఉండపాకం. ‘ప్రూవ్స్’ ముదురుపాకం, చల్లారితే పళ్ళు విరుగుతాయి. లెక్కల సిద్ధాంతాలకు అది నప్పుతుంది గాని, నలుగురిని అడిగి రాసుకొచ్చిన దానికి పనికిరాదు.

‘‘మరీ మెత్తగా రాస్తే మా గైడుగారు ఊరుకుంటారా అత్తా?’’ అని బెంగపడిందది.

‘‘మెత్తగా కాదే, ఉన్నంత రాయి’’ అన్నాను.

నిజానికి మన భాషకిది కొత్తేం కాదు. ‘వచ్చాడు’ అంటే కళ్ళారా చూశాం. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పగా విన్నాం. ‘వచ్చినట్టుంది’ అంటే గుమ్మంలో చెప్పులు కనిపించాయి. ‘వచ్చాడేమో’ అంటే ఆధారమేమీ లేదు, ఆశే! ఇంత తేడా మూడేళ్ళ పిల్లకూడా తప్పులేకుండా పలుకుతుంది. ఇంగ్లీషులోకి వెళ్ళగానే మనకు ఆ విచక్షణ ఎటుపోతుందో!

మాటకింత పట్టింపా అని నవ్వకండి. మా పెద్దమ్మకు పదేళ్ళుగా షుగరు. కాకరకాయ రసం తాగితే షుగరు పూర్తిగా పోతుందని పరిశోధనలో రుజువైందంటూ ఎవరో ఆవిడ ఫోనుకు పంపారు. మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలుండేసరికి నమ్మేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. రెండు నెలలకు కాలివేలి మీద చిన్న పుండు మానకపోగా నల్లబడింది. వేలు తీసేయాల్సి రావచ్చన్నారు ఆస్పత్రిలో. పెద్దమ్మ పసుపు రాసుకునే పాదాలవి. మూడు వారాలపాటు మాకెవరికీ ముద్ద దిగలేదు. డాక్టర్ల పుణ్యాన వేలు దక్కింది.

మంచంమీద పడుకునే అడిగింది: ‘‘మరి రుజువైందన్నారే?’’

వెతికి చూశాను. కాకరకాయ మీద జరిగిన పరీక్షలను ఏరి, తూచి, కాక్రేన్ సమీక్షకులు 2012లో ఒక సమీక్ష వెలువరించారు. మధుమేహానికి మందుగా సిఫారసు చేయడానికి చాలినంత ఆధారం లేదని తేల్చారు. పనిచేస్తుందని అనలేదు, పనిచేయదని రుజువైందనీ అనలేదు. ‘నో ఎవిడెన్స్ దట్ ఇట్ వర్క్స్’ వేరు, ‘ఎవిడెన్స్ దట్ ఇట్ డజ్ నాట్ వర్క్’ వేరు. వినడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గాని, రెండిళ్ళ పిల్లలు.

పెద్దమ్మ అంతా ఓపిగ్గా విని, ‘‘అంటే ఇంకా తెలియదన్నమాట. ఆ ముక్క రాయడానికి వాళ్ళకేం రోగం?’’ అంది.

ఇప్పుడావిడ మాత్రలూ మానదు, కాకరకాయ వేపుడూ మానదు. ఎవరైనా ఫోనులో వచ్చిందంటూ ఏదైనా చదివి వినిపిస్తే, వాక్యం చివర తనే గట్టిగా ‘ట’ చేరుస్తుంది. ఆ ఒక్క అక్షరాన్ని ఇంగ్లీషులో ఏమనాలో మా మేనకోడలు ఇంకా వెతుకుతూనే ఉంది.