పొగగది ద్వారమున

వట్టినాగులపల్లిలోని అగ్నిమాపక శిక్షణాలయమునకు నేను పోయినది ఏప్రిల్ మాసమున, అగ్నిమాపక వారోత్సవములు జరుగు దినములలో. మిట్టమధ్యాహ్నపు టెండలో, దళసరి కోటును, మోకాళ్ళదాక వచ్చు బూట్లను, హెల్మెట్టును ధరించి, వీపున గాలి సిలిండరు మోయుచు, శిక్షణార్థులైన యువకులు పొగగది ముంగిట వరుసగా నిలిచియుండిరి. ఆ గదికి కిటికీలు లేవు. లోన మలుపులును, మెట్లును, వంగి ప్రాకవలసిన సందులును కలవు. నింపిన పొగలో చాచిన చేయి కంటి కానరాదు. ఏదో యొక మూల మనిషి బరువు గల బొమ్మను పడవేసి, దానిని వెదకి తెచ్చుట వారికి పరీక్షగా నియమించిరి.

లోనికి పోవు సాహసికులను చూడవచ్చిన నా దృష్టి, ద్వారముకడ కదలక నిలిచిన యొక మనిషిపై నిలిచిపోయెను. ఆతని చేత ఒక పలక కలదు. లోనికి పోవు ప్రతివాడును తన పేరు గల బిళ్ళను ఆతని కిచ్చి పోవలెను. ఆతడు ఆ బిళ్ళను పలకకు తగిలించి, సిలిండరులోని పీడన మెంతయో, లోనికి పోయిన వేళ యేదియో, ఏ వేళకు వెలికి రావలెనో దాని ప్రక్క వ్రాయును. ఒంటరిగా నెవ్వనిని పోనీయడు, ఇద్దరిద్దరుగానే పంపును, మఱి యిద్దరిని సిద్ధముగా బయట నిలుపును.

తల నెరసిన శిక్షకుడు నాకు లెక్క విప్పి చెప్పెను. 300 బార్ల పీడనమున నింపిన సిలిండరులో సుమారు 2,000 లీటర్ల గాలి యుండును. నిమిషమునకు 40 లీటర్ల చొప్పున అది 50 నిమిషములకు రావలెనని కాగితము మీది గణితము. కాని నీటితో బరువెక్కిన హోసు నీడ్చుచు, చీకటిలో మెట్లెక్కుచు, గుండె దడదడలాడుచుండగా మనిషి 60 లీటర్లును పీల్చును, అంతకు మించియు పీల్చును. పీడనము 55 బార్ల దరిదాపులకు దిగినంతనే ఈల మ్రోగును. ఆపై మిగిలిన గాలి పనికొఱకు గాక, ప్రాణముకొఱకు దాచిన గాలి.

“లోపలికి ఎవడైనా పోతడు సార్. ఈల మోగినంక మళ్లుదమనుకుంటే ఆలస్యమైనట్టే. పోయేటప్పుడే రాకకు గాలి దాచుకోవాలె” అని ఆయన యనెను.

మొదటి జంట లోనికి పోయెను. కొంత సేపటికి పలక పట్టినవాడు గడియారము చూచి, బొమ్మ దొరకిన జాడ లేకున్నను, వారిని మరలి రమ్మని కబురంపెను. వెలికి వచ్చిన యువకుని ముఖము చెమటతో తడిసి ఎఱ్ఱబారి యుండెను. “ఇంకో రెండు నిమిషాలుంటే దొరికేది సార్” అని యాతడు వేదనతో ననగా, శిక్షకుడు మందలింపక, “ఎంతవరకు పోయినవ్ బిడ్డా? ఎడమ గోడ పట్టుకొని పోయినవా?” అని యడిగెను. ఎడమ గోడ వెంట మెట్లవఱకు వెదకితినని, మెట్ల వెనుక చూడలేదని యాతడు చెప్పగా, రెండవ జంట నేరుగ మెట్ల వెనుకకే పోయి బొమ్మను మోసికొని వచ్చెను. వెనుకకు పిలుచుట ఓటమి కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకక్కఱలేకపోయెను.

అగ్నిలో అపాయము కనబడు మంట యొక్కటియే కాదు. గదిలోని ఉష్ణోగ్రత 600 డిగ్రీల ప్రాంతమునకు చేరునప్పటికి, అందలి వస్తువులన్నియు ఒక్కుమ్మడి నంటుకొనవచ్చును. ఆ క్షణమున లోన నున్నవాడు, ఎంత మంచి కోటు తొడిగినను, బ్రతుకుట దుర్లభము. చల్లిన నీటిలో ప్రతి లీటరును ఆవిరియై సుమారు 1,700 రెట్లు వ్యాపించుటచే, గాలి పోవు దారి లేని గదిలో ఆ యావిరియే చల్లినవానిని కాల్చును. ఇనుప దూలములు కరగనక్కఱలేదు. 550 డిగ్రీల కడనే వాని బలము సగమునకు తగ్గును. అందుచేతనే పలుదేశముల అగ్నిమాపక దళములు ఒక సూత్రము నవలంబించినవి: బ్రతికియున్న మనిషిని రక్షించు నవకాశ మున్నచో, లెక్క చూచుకొని, గొప్ప అపాయమునకైనను సిద్ధపడవచ్చును; ఆస్తికొఱకు స్వల్పమైన అపాయమునకే పూనుకొనవలెను; ఇదివఱకే దగ్ధమైపోయిన దానికై ఏమాత్రమును పూనుకొనరాదు.

ఆ వారోత్సవములు ఏప్రిల్ 14వ తేదీన ఆరంభమగుటకు గల కారణము ఈ సూత్రముతో గాఢముగ ముడివడియున్నది. 1944లో ఆనాడు బొంబాయి విక్టోరియా డాకులో ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడ నిలిచియుండెను. అందు సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములును, కరాచీలో నెక్కించిన వేలకొలది ప్రత్తి బేళ్ళును, బంగారు కడ్డీలును కలవు. ప్రమాదకరమైన సరకు గలదని తెలుపు ఎఱ్ఱజెండా ఆ ఓడపై ఎగురవేయబడలేదు. మధ్యాహ్నము రెండు గంటల వేళ రెండవ కొట్టులో నిప్పు కనబడగా, దళమువారు 900 టన్నులకు మించిన నీటిని దానిలో పోసిరి. నిప్పు మూలము మాత్రము చిక్కలేదు. ఓడను సముద్రములోనికి లాగుటయా, ఉన్నచోటనే ముంచుటయా యని పెద్దలు తర్జనభర్జనలు పడుచుండిరే గాని, ఇది చేయుడని గట్టిగ శాసించినవారు లేకపోయిరి. సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు ఓడ బ్రద్దలయ్యెను. అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది అసువులు బాసిరి. ఆ వీరుల ధైర్యమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని నిర్ణయింపవలసినవారు నిర్ణయింపనిచో, ఆ భారమంతయు హోసు పట్టినవాని నెత్తిపైననే పడునను సంగతిని ఆ మ్రొక్కు మఱపింపరాదు.

మన చెంతనే, 2023 జనవరి 19న, సికింద్రాబాదు నల్లగుట్టలోని డెక్కన్ భవనమున నిప్పంటుకొన్నప్పుడు, ముగ్గురు కార్మికుల జాడ తెలియరాలేదు. వస్త్రములతో, సరకులతో నిండిన ఆ భవనము గంటల తరబడి మండెను. పొగయు, వేడియు లోనికి దారి నీయలేదు. లోపలి శ్లాబులు కూలినవి. తుదకు నిలువరాని ఆ కట్టడమును పడగొట్టవలసి వచ్చెను. బయట బంధువులు ఆక్రందించుచుండగా, తన మనుషులను గుమ్మముకడ నిలిపివేసిన అధికారి హృదయ మెట్టిదో యని పొగగది ముందర నిలిచి నేను చాల సేపు చింతించితిని. ఆతని నిష్ఠూరమాడుట సులభము. ముగ్గురికై పోయిన పదిమందిని కూలు కప్పు క్రింద పోగొట్టుకొనిన, వారి యిండ్లకు పోయి చెప్పవలసినవాడును ఆతడే.

పట్టణవాసులు మీకు చేయగల సహాయ మేమని సెలవు తీసికొనుచు నడిగితిని. శిక్షకుడు క్షణమైన తడుముకొనలేదు.

“101కు ఫోను చేసినోళ్లు మంటలు మంటలని పెట్టేస్తరు సార్. లోపల మనుషులున్నరా, ఎన్నో అంతస్తుల ఉన్నరు, గ్యాసు బండలున్నయా, కెమికల్ డ్రమ్ములున్నయా, ఈ నాలుగు ముక్కలు చెప్తే చాలు. మా పిల్లలను ఎంతదాక పంపాలెనో దర్వాజ కాడనే తేల్చుకుంటం.”