పదిహేడు గజాల జాగా

అమీర్‌పేటలో 17 గజాల జాగా అంటే మాటలు కాదు. అంత జాగాలో ఒక జిరాక్సు కొట్టు పెట్టి, దాని నెత్తిన ఒక కోచింగు సెంటరు బోర్డు తగిలించి, గుమ్మం ముందు ఇడ్లీ బండి నిలబెట్టి ఒక సంసారం దర్జాగా బతికేయవచ్చు. అటువంటి జాగాను మేము నలభై ఏళ్లుగా ఒక కారుకు అప్పగించాం. ఆ కారు అద్దె ఇవ్వదు. ఆదివారం పొద్దున తప్ప కదలదు. అయినా మా ఇంట్లో దానికున్న మర్యాద నాకు లేదని చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను.

కొలతలతో సహా చెబుతాను వినండి. పొడవు 17 అడుగులు, వెడల్పు 9 అడుగులు, పైన సిమెంటు రేకులు, ముందు రెండు రెక్కల చెక్క తలుపు. దీన్ని మా ఇంట్లో కారు షెడ్డు అంటారు. గ్యారేజీ అనవచ్చుగాని, మన వాడుకలో గ్యారేజీ అంటే బండిని మరమ్మతుకు వదిలి మెకానిక్ చుట్టూ మనం తిరిగే చోటు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కనుక మాటల జోలికి పోకుండా వుండలేను. ఏనుగులకు గజశాల, గుర్రాలకు అశ్వశాల, పశువులకు కొట్టం, బండికి సావిడి. వాహనానికి నీడ చూపించడం మనకేమీ కొత్త కాదు. కాని మనిషికి చోటు చాలనప్పుడు ఏం చేయాలన్నది ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

కారు సంగతి చెప్పాలి. అది 1978 నాటి ప్రీమియర్ పద్మిని, పాలమీగడ రంగు. మా మామగారు 1984లో సెకండ్‌హాండులో కొన్నారు. పద్మిని అన్న పేరు రాకముందు ఆ బండి ఫియట్ 1100. అంచేత మా అత్తయ్య నేటికీ దాన్ని ‘ఫియేటు’ అనే అంటారు. గేరు స్టీరింగు పక్కనే వుంటుంది. ముందు సీటు బల్లలాగా ఒకటే. చలికాలం పొద్దున చోకు లాగి, నాలుగుసార్లు బతిమాలితేగాని పలకదు. మామగారు సచివాలయంలో ఉద్యోగం చేసేవారు. కారు కొన్న నెలలోనే ఈ షెడ్డు వేయించారు. అప్పటికి మా వారికి ఎనిమిదేళ్లు. ఆదివారం నాడు తండ్రి బకెట్టుతో నీళ్లు పోస్తే కొడుకు గుడ్డతో తుడిచేవాడట. మామగారు 2011లో పోయారు. గుడ్డా బకెట్టూ రెండూ మావారి చేతికే వచ్చాయి.

పంపకాల్లో కింది భాగం మా మరిదికి వచ్చింది. అతను బెంగుళూరులో వుంటూ దాన్ని ఆడపిల్లల హాస్టలుకు అద్దెకిచ్చాడు. పై భాగమూ, కింద ఈ షెడ్డూ మావి. అంటే నేల మీద మాదంటూ వున్నది ఆ 17 గజాలే. మేడ మీదికి 19 మెట్లు.

మా అత్తయ్యకు 78 ఏళ్లు. పోయిన ఏడు మోకాళ్లు బొత్తిగా మొరాయించాయి. పంజాగుట్టలో ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన ఫోటోలు వెలుగులో పెట్టి చూసి, "ఈ వయసులో, ఈ గుండెతో ఆపరేషను మాట ఎత్తను. మెట్లు మాత్రం మాన్పించండి" అన్నాడు. తేలిగ్గా అనేశాడు. అత్తయ్య కూడా తేలిగ్గానే మానేశారు. ఎక్కడం మానాలంటే దిగడం మానాలి. బల్కంపేట ఎల్లమ్మ గుడి మానేశారు. కూరల బండి దగ్గర బేరం మానేశారు. హాస్టలు పిల్లలకు జడలు వేస్తూ వాళ్ల ఊళ్ల కబుర్లు వినడం మానేశారు. ఆరు నెలల్లో ఆవిడ కిందికి దిగింది నాలుగేసార్లు, నాలుగూ డాక్టరు దగ్గరికే. 2017లో మెట్రో వచ్చింది, అమీర్‌పేట నుంచి తరవాతి స్టేషనే పంజాగుట్ట. స్టేషనులో లిఫ్టు వుంది. మా ఇంట్లో లేదు.

షెడ్డును గది చేసి అత్తయ్యను కిందికి మారుద్దామన్న ఆలోచన నాకు ఆ రోజుల్లోనే వచ్చింది. పైకి అనడానికి మాత్రం నెల పట్టింది. ఎందుకంటారా? 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీద చివరి పద్మినీ టాక్సీ కూడా ఆగిపోయిందని పేపర్లో చదివి, ఆ రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్న మనిషితో నేను కాపురం చేస్తున్నాను.

అన్నాను. మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "మరి బండి?" అన్నారు.

మా అబ్బాయి అందుకున్నాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి లెక్క వాడిది. కారు అమ్మేయాలట, షెడ్డు అద్దెకివ్వాలట, ఆ డబ్బుతో మెట్ల పక్కన లిఫ్టు పెట్టించాలట. "మెట్ల పక్కన జాగా బాబాయిది కదురా" అంటే, "అయితే బాబాయినే అడుగుదాం" అన్నాడు. ఎవరిని అడగాలో అందరికీ తెలుసు, అత్తయ్యను తప్ప.

మావారి వాదన మెత్తగా వుండేది, అందుకే నెగ్గడం కష్టం. "2028కి దానికి 50 ఏళ్లు నిండుతాయి. వింటేజి కారుగా నమోదు చేయించవచ్చు. అప్పటిదాకా కాపాడనీ" అన్నారు. 2021లో వచ్చిన ఆ నిబంధన నేనూ చదివాను. వింటేజిగా నమోదైన బండిని ప్రదర్శనకు తిప్పవచ్చు, ర్యాలీకి తీసుకుపోవచ్చు, పెట్రోలు పోయించుకు రావచ్చు. రోజువారీ పనులకు మాత్రం రోడ్డెక్కించకూడదు. పెద్దరికం ఇచ్చి కదలకుండా కూర్చోబెట్టడం మా ఇంట్లో మనుషులకే కాదు, కార్లకు కూడా జరుగుతోందన్నమాట! ఆ మాట అనలేదు. అనకపోవడానికి కారణం మావారు తరవాత అన్న మాట. "అసలు అది కాదు. అది నాన్న బండి. తీసేస్తే అమ్మ తట్టుకోలేదు."

అత్తయ్యను కదిపి చూశాను. "నాకేం తల్లీ, పైన గాలి బాగా వస్తుంది. వాడికి ఆ బండంటే ప్రాణం. వుండనీ" అన్నారు.

ఇక నేనేం మాట్లాడను?

ఆ ఎండాకాలం మా అబ్బాయి స్నేహితులు ఊరినుంచి వస్తే చౌమహల్లా ప్యాలెసు చూపించబోయాం. అక్కడ అద్దాల వెనక 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ వుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా దాన్ని కావాలని చేయించుకున్నారు. అది ఊరు చేరేలోగా 1911లోనే ఆయన కాలం చేశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా వుంటుంది. వేడుకలకు తప్ప బయటికి వచ్చింది తక్కువ. పిల్లలు ఫోటోలు తీసుకుంటూంటే నేను దాని చక్రాల వంక చూస్తూ నిలబడ్డాను. వందేళ్లు దాటినా ఒక్క గీత లేదు. గీతలు పడేటంత తిరగనూ లేదు. రాజుగారు కాబట్టి చెల్లింది. మా ఇంట్లో ఒక మనిషి కూడా అలాగే గీత పడకుండా మేడమీద వుండిపోతున్నారు.

తిరిగి వచ్చిన వారం మెకానిక్ చాచా వచ్చాడు. మా మామగారి కాలంనుంచీ బండికి ఆయనే వైద్యుడు. టీ ఇచ్చి, నిలబెట్టి అడిగాను. "చాచా, ఈ షెడ్డు లేకపోతే బండి పాడైపోతుందా?"

ఆయన కారు కిందికి దూరి, టార్చి వేసి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "షెడ్డుల వెట్టవట్టే గదా మేడం ఇట్ల ఖరాబైంది! బండికి మీద నీడ గావాలె, పక్కలకెల్లి గాలి గావాలె. బంద్ కమ్రా ఎందుకు?"

నాకు 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి గుర్తుకు వచ్చింది. ఊరంతా మునిగిన వాన. షెడ్డులో చీలమండల దాకా నీళ్లు. మావారు తెల్లవార్లూ బకెట్లతో తోడారు. నీళ్లు మర్నాటికి పోయాయిగాని, తలుపులు బిగించిన ఆ గదిలో చెమ్మ నెలల తరబడి వుండిపోయింది. ఆ చెమ్మే బండి అడుగు రేకును తినేసింది. చాచా ఇంకా చాలా చెప్పాడు. నిలబడి వున్న బండికి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకే పక్క నొక్కుకుపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, వైర్లు ఎలుకలు కొరుకుతాయి. పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా వుంటోంది. అది చెమ్మను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. అంచేత గొట్టాలు మార్చి, పెట్రోలు కొద్దికొద్దిగా పోయించి, వారానికి రెండుసార్లన్నా తిప్పాలట. మన పల్లెల్లో స్వామివారి రథానికి కూడా గుడి బయట రేకుల నీడే ఇస్తాంగాని నాలుగు గోడలు కట్టి తాళం వేయం కదా అనిపించింది.

సగం ముడి విడింది. మిగతా సగం అత్తయ్య దగ్గర వుంది.

ఒక మధ్యాహ్నం కాలేజీకి సెలవు. ఆవిడ మోకాళ్లకు నూనె రాస్తూ సూటిగా అడిగేశాను. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ కారు కదిలిస్తే మీకు కష్టమా?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత నవ్వారు.

"షెడ్డు తలుపు చప్పుడు వినిపిస్తే మీ మామగారు వచ్చారని పొయ్యి మీద కాఫీకి నీళ్లు పడేసేదాన్నమ్మాయ్. ఆ చప్పుడంటే ఇష్టమే. కాని కారంటావా? ఆ ముందు సీట్లో నేను ఒక్కనాడు కూర్చుని ఎరగను. ముందు ఆయనా, పిల్లలిద్దరూ. నేను వెనక, చెంబులూ సంచులూ, పచ్చడి జాడీ పట్టుకుని. యాదగిరిగుట్టకు పోయినా అంతే, విజయవాడ పోయినా అంతే. నాకు దానిమీద ముచ్చట ఎక్కడిది? వాడి కోసం గదూ వూరుకున్నది!"

నా చేతిలో నూనెగిన్నె అలాగే వుండిపోయింది. తల్లి తట్టుకోలేదని కొడుకు ఆ తలుపులు మూసి వుంచాడు. కొడుకు తట్టుకోలేడని తల్లి 19 మెట్ల పైన కూర్చుండిపోయింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కాపలా కాస్తున్నారు. కాపలా కాసింది కారును కాదు, ఎదుటివాళ్ల దుఃఖాన్ని. ఇన్నాళ్లూ అందరం ‘ఇంటికి కారు షెడ్డు అవసరమా’ అని వాదించుకున్నాంగాని, ఎవరికి అవసరమని ఒక్కరమూ ఎదురుగా కూర్చుని అడగలేదు.

ఆ రాత్రి మావారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మాట్లాడకుండా కిందికి వెళ్లారు. షెడ్డు తలుపు తీసిన చప్పుడయింది. అత్తయ్య పక్కగదిలోంచి, "కాఫీ పెట్టమంటావా?" అన్నారు, అలవాటుగా. అరగంటకు ఆయన పైకి వచ్చి, "పక్క సందు ఎనిమిదడుగులుంది. బండి ఐదడుగులు కూడా లేదు. తమ్ముణ్ణి అడగాలి" అన్నారు.

మరిదికి నేనే ఫోను చేశాను. సందు ఇద్దరిదీ కనుక అడగడం ధర్మం. "అమ్మకు గది కడుతూ నన్ను అడగాలా వదినా?" అన్నాడు. మర్నాడే రేకులకని డబ్బు కూడా పంపాడు.

ఇంజనీరు గారు వచ్చి కొలతలు తీశారు. వాననీరు రాకుండా నేల తొమ్మిదంగుళాలు లేపాలన్నారు. నేల లేపితే మళ్లీ మెట్టు వస్తుందిగా? అందుకు వాలుగా దారి కట్టారు, అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల పొడవు చొప్పున తొమ్మిదడుగులు. మూడడుగుల తలుపు, రేపు చక్రాల కుర్చీ వచ్చినా పట్టేటట్టు. ఎత్తు కమోడు, గోడకు పట్టుకునే కమ్మీ. రేకులు తీసి స్లాబు. రోడ్డు వైపు పెద్ద కిటికీ. పాత చెక్క తలుపు రెక్కలు పారేస్తామంటే అత్తయ్య వద్దన్నారు. వడ్రంగి వాటిని కోసి ఆవిడ మంచానికి పలకలు చేశాడు.

కారు ఇప్పుడు పక్క సందులో రేకుల నీడన వుంటుంది. ఇబ్బంది లేదనను. సాయంత్రపు ఎండకు ఒక పక్క రంగు అప్పుడే వెలిసింది. పావురాలు చేయవలసిన పని చేస్తూనే వున్నాయి. హాస్టలు పిల్లల స్కూటరు ఒకటి తగిలి వెనక తలుపుకు గీత పడింది. మావారు ఆ గీతను రోజూ వేలితో తడిమి చూసుకుంటారు. పైకి ఏమీ అనరు. ఆయన పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదని నాకు తెలుసు. కాని బుధవారం, ఆదివారం బండి రోడ్డెక్కుతోంది.

గది పూర్తయిన తరవాతి ఆదివారం అత్తయ్య కర్ర పట్టుకుని వాలుదారిలో తనంతట తాను నడిచి వచ్చారు. ఎల్లమ్మ గుడికి ప్రయాణం. అలవాటు చొప్పున వెనక తలుపు దగ్గర ఆగారు. మావారు చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నారు. ఆవిడ నా వంక చూశారు, నేను పూలబుట్ట సర్దుకుంటున్నట్టు తలవంచుకున్నాను.

బండి నాలుగోసారికి పలికింది. సందు మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చాక అత్తయ్య అద్దంలోంచి ముందుకు వంగి చూస్తూ, "ఇక్కణ్ణించి దారంతా కనిపిస్తుందేరా!" అన్నారు.

వెనక సీట్లో కొబ్బరికాయల సంచీ, పూలబుట్టా పట్టుకుని నేను కూర్చున్నాను.