ఆల్చిప్ప ఆత్మచరిత్ర

సముద్రగర్భమున వసించు ఆల్చిప్ప తన రక్షణకై నిర్మించుకొను సున్నపు కవచమే దాని ఆత్మచరిత్ర యగుటను తలచినప్పుడెల్ల నాకు అపారమైన విస్మయము కలుగుచుండును. ఏటేటా పెరుగుదల మందగించు ఋతువున ఆ పెంకులో నొక సన్నని గీత యేర్పడును. దానిని అడ్డముగా కోసి, నునుపుగా సానపట్టి, సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, బాల్యవత్సరములు వెడల్పుగను, వార్ధక్యవత్సరములు కేశప్రమాణముగను ఒకదాని నొకటి యొరసికొనుచు గోచరించును.

2006లో ఐస్‌లాండు ఉత్తరతీరజలములలో లభించిన ‘ఆర్క్‌టికా ఇస్లాండికా’ జాతి ఆల్చిప్పకు, వేల్స్ దేశపు బాంగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదట 400 ఏండ్లకు పైబడిన వయస్సు నిర్ణయించి, పిదప గీతలు మిక్కిలి యిరుకైన కీలుభాగమును విడిచి వెలుపలి యంచున మరల లెక్కించి, 2013లో దానిని 507 ఏండ్లుగా సవరించిరి. అనగా అది పుట్టినది 1499లో!

శిలాజములు మరింత సూక్ష్మముగ పలుకును. ఒమన్ దేశమున దొరకిన, ఏడుకోట్ల యేండ్లనాటి ‘టోరైటిస్’ అను ఆల్చిప్పజాతి ప్రాణి పెంకులోని దైనందినపు పొరలను పరిశీలింపగా, ఆనాటి సంవత్సరమునకు 372 దినములని, అనగా ఆనాటి దినము నేటికన్న కురచయని తేలినది. చంద్రాకర్షణచే లేచు పోటుపాటులు భూభ్రమణమును నానాటికి మందగింపజేయుచున్నవనుటకు, చంద్రునెన్నడు నెరుగని యొక ప్రాణి సాక్ష్యమిచ్చుచున్నది.

అంటార్కిటికా చెంతనున్న సీమోర్ దీవిలోని ఇయోసీన్ యుగపు శిలాజములయందును, నూరేండ్లు దాటి బ్రదికిన ఆల్చిప్పలు కలవు. ధ్రువప్రాంతపు దీర్ఘనిశలలో ఆహారము కొఱవడగా, అవి మెల్లమెల్లగా పెరిగి చిరకాలము జీవించియుండవచ్చును. వేగమునే అభివృద్ధియని పూజించు మనము, ఏ యేటి ధర్మమును ఆ యేట నెరవేర్చి, దాని గురుతును చెరపక నిలుపుకొను ఈ మూగప్రాణి నుండి నేర్వవలసినది యెంతయో కలదని నా దృఢవిశ్వాసము.